తలుపులకు వేసిన మార్కులు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ మొండిఘటం అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు, పోనుపోను మొహం మీదే అనడం మొదలుపెట్టారు. చివరికి ఆవిడే ఫోనెత్తి, "మొండిఘటాన్నే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేదాకా వచ్చింది.

ఆ ఆఫీసు పని విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లు ఇవ్వడం. పాఠాలు ఎలా చెబుతారన్నది వాళ్లకు అక్కర్లేదు. తలుపులు ఎవరికి తీస్తారు, ఎవరికి మూస్తారు అన్నదే లెక్క. బయటివాళ్లు లైబ్రరీలో కూర్చోవచ్చా? అక్కడ జరిగిన పరిశోధన మామూలు మనిషి చదువుకోవడానికి దొరుకుతుందా? చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి పైఅంతస్తు గదికి వెళ్లగలడా? ఏటా ఈ ప్రశ్నలు పంపిస్తారు. విశ్వవిద్యాలయాలు జవాబులు పంపిస్తాయి. వీళ్లు గ్రేడు వేసి సభ పెట్టి ప్రకటిస్తారు. అన్నిటికన్నా పెద్ద విశ్వవిద్యాలయానికి ఎప్పుడూ ‘ఏ’ గ్రేడే.

"పరీక్ష రాసేదీ వాళ్లే, దిద్దుకునేదీ వాళ్లేనా? ఈసారి నేను వెళ్లి చూసొస్తాను" అంది మొండిఘటం.

డైరెక్టరు నవ్వాడు. "వెళ్లిరండి. మీకూ కాస్త గాలి మారినట్టుంటుంది."

తానెవరో చెప్పకుండా వెళ్లింది. లైబ్రరీ ముందు పాలరాతి పలక మీద ‘జ్ఞానం అందరిదీ’ అని ఇత్తడి అక్షరాలు. దానికిందే కాపలా మనిషి.

"కార్డు?"

"కార్డు లేదు. చదువుకోవడానికొచ్చాను."

"బయటివాళ్లకి లేదమ్మా. ఆఫీసులో అడగండి."

ఆఫీసులో అడిగితే లైబ్రరీలోనే అడగమన్నారు. మళ్లీ వస్తే మళ్లీ ఆఫీసు. ఎండలో అటూ ఇటూ తిరిగి కాళ్లు పీక్కుపోయి మెట్ల మీద కూలబడింది. పక్కన ఖాకీ చొక్కా మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. సిటీ బస్సు డ్రైవరు.

"మిమ్మల్నీ తిప్పుతున్నారా?" అన్నాడు. "నేను సెలవు దొరికినప్పుడల్లా వస్తున్నానండీ. మా అమ్మాయిది రక్తం జబ్బు. ఇక్కడి డాక్టరుగారొకాయన దానిమీద పరిశోధన చేశారు. మా పిల్ల రక్తం తీసుకున్నారు, కొత్త మందు ఇచ్చారు. ఉన్నట్టుండి ఆపేశారు. ఎందుకాపారో చెప్పేలోగా ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. రాసిందంతా లోపల పుస్తకంలో ఉందట. కంప్యూటర్లోనూ ఉందట గానీ పాస్‌వర్డ్ కావాలట."

"చదివితే అర్థమవుతుందా మీకు?" అనేసి, అన్నందుకు నాలిక కరుచుకుంది.

ఆయనేం నొచ్చుకోలేదు. "సగం అర్థం కాకపోవచ్చండీ. ఆ అర్థమయ్యే సగమైనా చదవనివ్వాలి కదా. రక్తం మా పిల్లదేగా."

ఆవిడ ఆఫీసుకొచ్చి ‘డి’ వేసింది.

కబురు ఎలా అందిందో గానీ, ఆ సాయంత్రమే బాబాయి ఇంటికొచ్చాడు. ఆ విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు ఆయనే. తండ్రి పోయాక ఈవిడ చదువు బాధ్యతంతా నెత్తిన వేసుకున్నవాడు. ఇంకా చెప్పులైనా విప్పకుండా అందుకున్నాడు.

"ఏమే, నామీద పగబట్టావా?"

"నీమీద కాదు బాబాయ్, ఆ తలుపు మీద."

"జవాబుల మీద సంతకం నాది. డి అంటే నేను అబద్ధాలకోరుననేగా!"

"నువ్వెప్పుడైనా ఆ మెట్లెక్కావా?"

"నాకేం ఖర్మ? కారు లోపలిదాకా వెళ్తుంది."

"అదే నేననేది."

ఆయన మొహం కందగడ్డయింది. "నిన్ను బళ్లో వేసిందెవరే?"

"నువ్వే. సీట్లు లేవంటే హెడ్మాస్టరు గది ముందు బైఠాయించావట. అమ్మ ఇప్పటికీ చెప్పి మురిసిపోతుంది. అలాంటివాడివి, ఇప్పుడు నువ్వే లేదు పొమ్మంటే ఎలా?"

బాబాయి వదినగారి వంక చూశాడు, కాస్త సాయం రమ్మన్నట్టు. ఆవిడ టీ కప్పు ఆయన చేతిలో పెట్టింది. "నన్ను చూడకు నాయనా. ఈ మొండితనం మా పుట్టింటిది కాదు, మీ ఇంటిదే."

ఆయన టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. కప్పులో టీ చల్లారేదాకా మొండిఘటం గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. బాబాయితో పోట్లాడటం కొత్తేమీ కాదు. కానీ ఆయన అలా ముద్ద కూడా ముట్టకుండా వెళ్లడం ఎన్నడూ లేదు. అయినా ‘డి’ని దిద్దాలని మాత్రం అనిపించలేదు.

గ్రేడ్ల సభ ఆ విశ్వవిద్యాలయం ఆడిటోరియంలోనే. ఏటేటా చదివినట్టే ఈసారీ గ్రేడ్లు చదివేది మొండిఘటమే. వేదిక ఎక్కబోతుంటే డైరెక్టరు చేతిలో కాగితం పెట్టాడు. పెద్ద విశ్వవిద్యాలయం పేరు పక్కన ‘ఏ’ అని అచ్చయి ఉంది.

"ఇది నేను వేసింది కాదు."

"ఆతిథ్యం వాళ్లది, హాలు వాళ్లది. వాళ్లింట్లో కూర్చుని వాళ్లనే తిడతామా? చదివేసి దిగిపోండి, మీకు పుణ్యముంటుంది."

ఆవిడ మైకు ముందుకెళ్లి కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. మిగతావాటి గ్రేడ్లు నోటికే చెప్పింది. పెద్ద విశ్వవిద్యాలయం వంతు ఆఖరున వచ్చింది.

"మనం కూర్చున్న ఈ విశ్వవిద్యాలయానికి నేనిచ్చిన గ్రేడు డి. ఈ కాగితంలో వేరేది ఉంది. అది నాది కాదు."

హాలంతా గుసగుసలు. ముందు వరుసలో వీసీ నిటారుగా కూర్చున్నాడు. పక్కన బాబాయి తల దించుకున్నాడు.

డైరెక్టరు మైకు లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. "నా మాట నమ్మక్కర్లేదు. లైబ్రరీ ఆ కనిపించే పచ్చిక దాటితే చాలు. వెళ్లి చూద్దాం రండి. ఎవరూ కార్డు తీయకండి."

దిగి నడిచింది. వెనక ఒక్కరైనా వస్తారో రారో తెలియదు, అయినా తిరిగి చూడలేదు. మొదట చివరి వరుసలోంచి డ్రైవరు లేచాడు. రమ్మని పిలిచింది ఆవిడే. తర్వాత విలేకరులు లేచారు. తర్వాత, వేడుక చూడ్డానికి వచ్చిన జనం కుర్చీలు చప్పుడు చేసుకుంటూ లేచారు. పచ్చిక మీద చిన్న ఊరేగింపే సాగింది.

కాపలా మనిషి ఇంతమందిని చూసి బిత్తరపోయాడు. అయినా పాపం, అలవాటు కొద్దీ "కార్డు?" అన్నాడు.

జనం గొల్లుమన్నారు. కెమెరాలు పైకి లేచాయి. వీసీ ఆయాసపడుతూ వచ్చి, "వదలవయ్యా, అందరినీ లోపలికి వదులు" అన్నాడు.

మొండిఘటం అడుగు కదపలేదు. "ఈరోజుకేనా సార్, రేపు కూడానా?"

విలేకరుల మైకులు వీసీ నోటి దగ్గరికి చేరాయి. ఆయన గుటకలు మింగి, "రేపు కూడా" అన్నాడు.

డ్రైవరు అడిగిన పుస్తకాన్ని లైబ్రేరియను స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతుంటే, తెలిసిన మాటలు మొండిఘటం చెప్పింది, తెలియనివి లైబ్రేరియను చెప్పాడు. ఆ మందు కొందరు పిల్లల కాలేయాన్ని దెబ్బ తీసింది. అందుకే అందరికీ ఆపేశారు. డ్రైవరు కూతురిలా దెబ్బ తగలకముందే ఆపినవాళ్లకు ముప్పు తప్పింది.

డ్రైవరు బయటికొచ్చి భార్యకు ఫోను చేశాడు. "మన పిల్లని వదిలేయలేదే. ఆపడమే మంచిదైందట. నేనే చదివాను." ఆ మాట చెప్పి, మిగతా పేజీలు చదవడానికి మళ్లీ లోపలికెళ్లాడు.

మర్నాడు ఆఫీసులో మొండిఘటం కుర్చీ తీసేశారు. క్షమాపణ చెబితే చూద్దామని డైరెక్టరు కబురు పెట్టాడు. "ఎవరు ఎవరికి చెప్పాలో తేల్చుకుని రమ్మనండి" అని తిరుగు కబురు పంపింది.

ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని సొంతంగా గ్రేడ్లు మొదలుపెట్టింది. ఎక్కడికెళ్లినా తానెవరో చెప్పకుండా వెళ్లడం, చూసింది చూసినట్టు పత్రికలకివ్వడం. సెలవురోజుల్లో డ్రైవరు తోడొచ్చేవాడు. పెద్ద విశ్వవిద్యాలయం గ్రేడు పేపర్లో పడిన పొద్దున, ఇన్నాళ్లూ మాటల్లేని బాబాయి ఫోను చేశాడు.

"సి ఏమిటే? తలుపులు తీశాం కదా!"

"తీశారు బాబాయ్. పొద్దున తీసి మధ్యాహ్నం కాకుండానే మూసేస్తున్నారు. పనికెళ్లేవాళ్లు ఎప్పుడు చదువుకోవాలి?"

"రాత్రిదాకా తీస్తే?" అన్నాడు.

"తీయండి. వచ్చి చూస్తాను."

"వచ్చేముందు ఒక మాట చెప్పి రావే."

"చెప్పను" అంది మొండిఘటం.