పూసల నెమలి గౌను

హడ్సన్ నది అవతలి సినిమా స్టూడియోలో పెద్దింటి విందు దృశ్యం తీస్తే, సొంత విందుగౌను ఉన్నవాళ్ళకే బల్ల దగ్గర కుర్చీ. లేనివాళ్ళు వీధిలో జనం. డీలియాకి గౌను ఉంది. న్యూయార్క్‌లో ఎనిమిదేళ్ళు చాకిరీ చేసిన ఇంటి అమ్మగారు వాడి ఇచ్చేసినది, భుజాన పూసల నెమలితో. దాన్ని నమ్ముకునే పని మానేసింది. అద్దెగదిలో అద్దానికి తప్ప ఎవరికి చూపిస్తుంది? ఒక్కసారి తెరమీద దొరసానిగా కనబడితే లోకం తనని చూసే చూపే మారిపోతుందని ఆశ. ఆ ఇంటి వంటమనిషి హన్రాటీ పెద్దమ్మకి మాత్రం, గౌను మాట ఎత్తకుండా, సినిమాలో కనబడతానని చెప్పింది.

కెమెరా తిరుగుతోంది. ఎదురుగా కూర్చున్న నాయిక ఒళ్ళోంచి రుమాలు జారింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. డీలియాది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, చాకిరీ నేర్పింది. గబుక్కున లేచి, చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి రుమాలు అందించి, అడుగు వెనక్కేసి చేతులు కట్టుకు నిలబడింది.

బల్లంతా గొల్లున నవ్వింది. దర్శకుడు నవ్వలేదు.

"ఏ ఇంట్లో చేశావమ్మాయ్?"

"ఫిఫ్త్ ఎవెన్యూలోనండీ."

"అనుకున్నా. ఒసేయ్ లాటీ, పళ్ళెం ఉతుకుబట్టల బుట్టలా పట్టుకున్నావు. ఆ పనిమనిషి ఏప్రన్ ఈమెకిచ్చి, నువ్వు ఆ గౌను తొడుక్కుని కూర్చో."

"గౌను నాదండీ!"

"నీ వీపూ గౌనూ ఫిల్ములో పడ్డాయి తల్లీ, మొహం పడలేదు. ఆ కుర్చీలో గౌనుంటే చాలు. కానివ్వండి."

గౌను తీసుకుని వెళ్ళిపోవచ్చు. వెళితే ఆ గదీ, ఆ అద్దమే. డీలియా గౌను విప్పి ఇచ్చి ఏప్రన్ కట్టుకుంది. బ్రూక్లిన్ కసాయి కూతురు లాటీ నెమలిని భుజాన వేసుకుని కుర్చీలో కూర్చుంది.

ఆ బొమ్మ ఊళ్ళో ఆడేనాటికి, ఓ గురువారం మధ్యాహ్నం పెద్దమ్మకి సెలవు. ఇద్దరూ ఆట చూశారు.

"అదుగో మన డీలియా!" పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. "ఆ పళ్ళెం పట్టడం చూడు, అచ్చం నేను నేర్పినట్టే! అవునే, ఆ నెమలి గౌను పిల్లెవరే? మన అమ్మగారి గౌనులాగే ఉంది. అబ్బ, ఏం దర్జా! అలా పుట్టాలే, మనకెక్కడొస్తుంది!"

నిజం నోటిదాకా వచ్చింది. కానీ ఈ ఊళ్ళో తనకోసం చప్పట్లు కొట్టే చేతులు ఆ రెండే.

"అవును పెద్దమ్మా," అంది డీలియా.

తెరమీద ఆమె తన గౌనుకే సూపు వడ్డించి, అడుగు వెనక్కేసింది.