ఊక బూడిదలో పొయ్యి

అల్లూరు రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు విరిగిందంటే అందరి నోటా వెల్డరు లాజరస్ పేరే. అతుకు వెయ్యడం, ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచడం, చేతికివ్వడం. గుంటలో రొయ్యలకు ఊపిరాడనప్పుడు చల్లారేదాకా ఎవరాగుతారు? ఆ అలవాటే అతని కొంప ముంచింది.

అత్త రెబెక్కమ్మ పోత ఇనుప పొయ్యికి నెర్రె పడింది. చర్చిలో కోతపండగ ప్రేమవిందుకు ఏటా చేపల పులుసు ఆ పొయ్యి మీదే, ఆవిడ చేతి మీదే. పొయ్యి బాగవకపోతే వంట క్యాటరింగు వాళ్లకిస్తానని సంఘపెద్ద క్రీస్తుదాసు చెప్పేశాడు. లాజరస్ "ఇదెంత పని అత్తా" అంటూ అతుకేసి, అలవాటు కొద్దీ బకెట్ నీళ్లు గుమ్మరించాడు. టప్పుమంది. నెర్రె ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది.

నాలుగు తిట్టినా బాగుండేది. "పోనీలే అల్లుడా. ఈసారికి నేనూ కూసోని తింటాలే," అంది రెబెక్కమ్మ. వంట చెయ్యని పండగ ఆవిడకు పండగే కాదు. లాజరస్‌కు తల కొట్టేసినట్టయింది.

తన మీద తనకే మండుకొచ్చి మళ్లీ మొదలెట్టాడు. పాత అతుకును గ్రైండరుతో చెక్కేసి, పొయ్యి మొత్తాన్నీ సర్వి కట్టెల నిప్పుల్లో కాల్చాడు. పోత ఇనుము ఒక పక్క వేడినీ ఒక పక్క చల్లదనాన్నీ ఓర్చుకోదు. అది కాగుతుండగానే దానికి సరిపడే రాడ్డుతో అతుకేశాడు.

"మరి చల్లార్చేదెట్టా?" అంది అత్త.

"నేను చల్లార్చను. అదే మెల్లంగా చల్లారాల."

రైస్ మిల్లు నుంచి తెచ్చిన వేడి ఊక బూడిదలో పొయ్యిని పూడ్చేశాడు. వీధి వీధంతా తొంగిచూడ్డానికి వచ్చింది. రెబెక్కమ్మ కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. "బూడిదలో చెయ్యి పెట్టినోళ్లకి పులుసు లేదు," అంది. క్రీస్తుదాసు సైతం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అందరికన్నా చెయ్యి దురద పెట్టింది మాత్రం లాజరస్‌కే.

పండగ పొద్దున పొయ్యిని బయటికి తీశారు. రెబెక్కమ్మ గరిటెతో తట్టింది. ఖంగుమని పలికింది. అయినా లాజరస్‌కు నమ్మకం కుదరలేదు.

"ముందు ఖాళీ గిన్నె పెట్టి చూద్దాం అత్తా."

"నిండు గిన్నే ఎత్తండబ్బా," అంది ఆవిడ. "మా అల్లుడు చేసినాడు."

నలుగురు మోసుకొచ్చి పెట్టారు. మంట రాజుకుంది. లాజరస్ చెవులు రిక్కించి నిలబడ్డాడు. పులుసు కుతకుతలాడటం తప్ప మరో చప్పుడు లేదు. అతని ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఎందుకైనా మంచిదని క్యాటరింగు వాళ్లను సిద్ధంగా ఉండమన్న క్రీస్తుదాసు జేబులోంచి ఫోను తీశాడు.

"రాబాకండయ్యా," అన్నాడు. "మా రెబెక్కమ్మ వండతా ఉండాది."