టైలరమ్మ వేళ్లు

"ఈ మూత నా డబ్బాది."

"మీది సొట్టపడింది కదా, అదుగో. ఇది నాదే."

పొద్దున్నే వంటగదిలో మొగుడూ పెళ్లాలకు టిఫిన్ డబ్బా మూత దగ్గర పేచీ వచ్చింది.

"అంత పెద్ద ఆసుపత్రిలో మందులు కలుపుతావు, డబ్బాకి మూత కలపలేవుట్రా?" అని కొడుక్కి చురక వేసింది అత్తగారు.

అతను క్యాన్సర్ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. అతను కలిపి పంపిన మందుల్ని కీమో వార్డులో ఎక్కించే నర్సు అతని భార్యే. మామూలు రోజైతే నవ్వేసి మూత అతని చేతిలో పెట్టేసేది. ఇవాళ మాత్రం తన డబ్బాకి బిగించుకుని వెళ్లిపోయింది. నిన్నటి మీటింగు ఆమెకింకా మింగుడుపడలేదు.

వారానికోసారి వాళ్లంతా ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆపరేషన్ చేసే ఆయన, కీమో రాసే పెద్ద డాక్టరు, రేడియేషన్ డాక్టరమ్మ, ఫార్మసిస్టు, నర్సు. రోగికి ఆ గదిలో చోటు లేదు. రోగి గోడు నర్సే చెప్పాలి. నిన్న చెప్పాల్సింది టైలరమ్మ గోడు.

మందు మొదలుపెట్టినప్పటి నుంచి టైలరమ్మ వేళ్ల కొసలు మొద్దుబారుతున్నాయి. సూది గుచ్చుకున్నా తెలియడం లేదు, గుడ్డ మీద రక్తపు చుక్క కనబడితే తప్ప. "గడ్డ తగ్గుతోందన్నారు, సంతోషం. ఈ చేతులు పోయాక నేనేం చేసుకుని బతకనమ్మా?" అని అడిగింది.

ఆ మందుకి బదులు ఇంకోటి ఉందని ఇంట్లో చెప్పింది భర్తే. మీటింగుకి ముందు ఇద్దరూ కూరగాయలు తరుగుతూ ఎవరేం మాట్లాడాలో అనుకోవడం వాళ్లకు పెళ్లైన కొత్తల్లోంచీ అలవాటు. ఆమె రోగి బాధ చెబుతుంది, అతను మందు సంగతి అందుకుంటాడు. ఆ ధీమాతోనే, "మందు మార్పిస్తాం" అని టైలరమ్మకు మాటిచ్చింది.

తీరా మీటింగులో ఆమె చెప్పడం ముగించాక పెద్ద డాక్టరు, "ఫార్మసీ ఏమంటుంది?" అన్నాడు.

భర్త పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ఇప్పుడున్నది బాగానే పనిచేస్తోంది కదా సార్."

మీటింగుకి ముందు వరండాలో నర్సు ఈ సంగతి చెబితే, మార్చాల్సిందేనని తల ఊపిన రేడియేషన్ డాక్టరమ్మ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. అంతటితో ఇంకో రోగి మాట ఎత్తారు.

ఇవాళ మధ్యాహ్నం నర్సు టైలరమ్మను వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. ఆయన బల్ల మీద గుండుసూది పెట్టి తీయమన్నాడు. టైలరమ్మ నాలుగైదు సార్లు ప్రయత్నించి, సిగ్గుపడి, చేతులు ఒళ్లో దాచుకుంది.

"ఇంతగా ఉందని నాకెవరూ చెప్పలేదే."

"నిన్న చెప్పాను సార్."

"నువ్వు చెప్పావు. మందు తెలిసినవాడు అక్కర్లేదన్నాడు కదమ్మా."



రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్త వైపు చూడకుండానే వడ్డించింది.

"ఇంకా మూత గొడవేనా?" అంది అత్తగారు.

"మూతది కాదత్తయ్యా."

అతను అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. "పెద్ద డాక్టరు మొహం చూస్తే నోరు పెగల్లేదు. ఏం చెయ్యమంటావు?"

"పెగలకపోయినా బాగుండేది. పెగిలింది కదా."

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కూర గిన్నె కోడలి వైపు జరిపింది.

"వచ్చే మీటింగులో టైలరమ్మ నా పక్కన కూర్చుంటుంది" అందామె. "పెద్ద డాక్టరు ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ మందు ఆపారు. తన బాధేదో తనే చెప్పుకుంటుంది. ఇక మీదట ఈ ఇంట్లో వార్డు కబుర్లు ఉండవు. ముందుగా అనుకోవడాలూ ఉండవు."

"మరి నేను?"

"మీరేమనుకుంటున్నారో అక్కడే చెప్పండి. అందరితో పాటు నేనూ అప్పుడే వింటాను."