మోడు తాగిన తీపి

అత్తాకోడళ్ళు చూసుకునే ఆ నర్సరీలో మూడు వందల మొక్కలు పచ్చగా నవనవలాడుతూ నిలబడ్డాయి. తెగులు లేదు, పురుగు లేదు. చూసినవాళ్ళు దిష్టి పెట్టేటంత ఆరోగ్యం. లోపం ఒక్కటే, ఎదగవు. రెండేళ్ళ కిందట కోడలి నడుము దాకా ఉన్నవి ఇప్పటికీ నడుము దగ్గరే ఆగిపోయాయి.

నెలాఖరుకి సర్కారు కొలతలాయన కర్ర పట్టుకుని వస్తాడు. మొక్క కర్రను దాటితే రోడ్ల పక్కన నాటడానికి తీసుకుంటారు, కౌలుకిచ్చిన సర్కారు స్థలం మరో పదేళ్ళు వీళ్ళ చేతిలో ఉంటుంది. దాటకపోతే ఇల్లూ వాకిలీ సర్దుకుని నడవాలి. కోడలి మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి ఈ బెంగంతా ఆవిడదే.

కోడలి దగ్గర ఒక చిన్న అద్దం ఉంది. దాని మీద రసం చుక్క వేసి వెలుతురుకు పట్టి చూస్తే అందులో చక్కెర ఎంతో తెలుస్తుంది. మొక్కల బెరడు గీరి చూసింది. ఆకులు చక్కెర బాగానే వండుతున్నాయి, బెరడు దాన్ని కిందికి మోస్తోంది. మొక్క ఒంటికి మాత్రం పట్టడం లేదు. వేళ్ళ పక్క మట్టి తవ్వితే దారాల్లాంటి తెల్లని బూజు కనిపించింది. అది ఉండవలసిందే. వేరుకు నీళ్ళూ లవణాలూ తెచ్చిపెట్టి కూలిగా కాస్త తీపి పుచ్చుకునే మంచి బూజు అది. కానీ ఇక్కడి దారాలన్నీ ఒకే దిక్కుకు దువ్వినట్టున్నాయి. వాటి వెంట తవ్వుకుంటూ పోయింది. మడి మధ్యలో ఉన్న మోడు దగ్గర పార ఆగింది.

మడికి నీడ పడుతోందని తొమ్మిదేళ్ళ కిందట మామ తన చేత్తోనే కోసిన చెట్టు అది. కోడలు దాని అంచు గీరింది. లోపల తడి. చుక్క అద్దం మీద వేసింది. మొక్కలన్నిటికన్నా తియ్యన! ఒక్క ఆకైనా లేనిదానికి ఇంత చక్కెర ఎక్కడిది?

“కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇది నా మొక్కల్నే కరిగిస్తోంది అత్తయ్యా,” అంది.

“తిననీవే. కోసింది మనమేగా,” అంది అత్త, మోడు పక్కన పీట వేసుకుంటూ. “మీ మామ రోజూ ఇక్కడికొచ్చి తప్పయిందని చెప్పుకునేవాడు. ఆయన పోయాక ఆ డ్యూటీ నాకు పడింది.”

“క్షమాపణ మీరు చెప్పండి. ఇల్లు మాత్రం నేను కాపాడుకుంటా.”

మోడు చుట్టూ చెయ్యి లోతు కందకం తీసింది కోడలు.

“అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని విన్నా గానీ, మట్టి మీద చూపిస్తావనుకోలేదే!” అని నవ్వింది అత్త.

మర్నాడు పొద్దున కందకం గోడకు, మోడు వైపు, తెల్లని దారాలు వెంట్రుకల్లా వేలాడుతున్నాయి. గాలి లేదు, అయినా సన్నగా ఊగుతున్నాయి. కోడలు కొడవలితో గొరిగేసింది. రోజూ అదే పని. మొక్కలు మాత్రం బెత్తెళ్ళ లెక్కన లేచాయి. మూడు వారాలకు ఆవిడ ఛాతీ దాటాయి. కర్రకు రెండు వేళ్ళే తక్కువ, ఇంకా అయిదు రోజులుంది.

ఆ రోజు గొరగడానికి దారాలు కనిపించలేదు. హమ్మయ్య, చచ్చింది అనుకుని మోడు అంచు గీరింది. చుక్క ఇంకా తియ్యన.

మిట్టమధ్యాహ్నం అత్తను అన్నానికి పిలవడానికి వెళ్ళింది. అత్త కందకం గట్టున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసింది. పాదాల నిండా తెల్లగా సాక్సుల్లా ఉంది. ఆవిడకు సాక్సులు వేసుకునే అలవాటు లేదు.

“అత్తయ్యా!”

“అరవకే. ఇప్పుడే సరిగ్గా పట్టుకుంది,” అంది అత్త, పసిబిడ్డకు పాలిస్తున్నంత మెల్లగా. “నొప్పేం లేదు. కాస్త ఒళ్ళు తేలుతున్నట్టుంటుంది, అంతే.”

కోడలు చంకల కింద చేతులు వేసి లాగింది. దారాలు పట్ పట్‌మని తెగాయి. చేతుల్లోకి వచ్చిన అత్త ఎండుటాకుల బుట్టంత బరువు కూడా లేదు.

“రేపు మళ్ళీ వస్తానే నేను,” అంది అత్త. “దానికి ఆకలేస్తోంది మరి.”

అత్తను గొళ్ళెం పెట్టి ఎన్నాళ్ళు ఆపగలదు? కోడలు ఆవిడను మంచం మీద పడుకోబెట్టి, మొక్కల వైపు ఒకసారి చూసింది. రెండంటే రెండు వేళ్ళు. తర్వాత పార తీసుకుని, తవ్విన మట్టంతా తిరిగి కందకంలోకి తోసింది. కడుపు నిండినవాడు పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడని ఆవిడ ఆశ. సాయంత్రానికి మట్టి దానంతటదే సర్దుకుని, ఎవరో తొక్కినట్టు గట్టిపడింది.

కొలతలాయన వచ్చాడు. ఒక్కో మొక్క పక్కన కర్ర నిలబెట్టి తల అడ్డంగా ఆడించాడు.

“రెండు వేళ్ళేనమ్మా తక్కువ. ఈ కాస్తా పెరగలేదా ఏంటి?”

“పెరగలేదండీ. రాసుకోండి,” అంది కోడలు.

లోపల్నుంచి అత్త కేకేసింది. “అమ్మాయ్, టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయావే!”

కోడలు అందులో అప్పటికే నాలుగు చెంచాలు వేసింది.