నొప్పి మాత్రల నవ్వు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు దిద్దాను. ఒత్తులు ఇప్పటికీ తారుమారవుతాయి. ఇంత రాయడానికే చాలా రోజులు పట్టింది.

మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. మా ఆయన పోయాక నేనూ, నా కొడుకు అమరేషూ పురుగుల షెడ్డు చూసుకుంటున్నాం. పురుగుకు పొగాకు పడదు. పొగాకు అంటిన చేత్తో మల్బరీ ఆకు వేస్తే పచ్చగా కక్కి చస్తుంది. అమరేష్ తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పంట మొత్తం అట్లా పోయింది. వాడి బడి సంచిలో పొగాకులో కలిపిన గంజాయి దొరికింది.

మూడేళ్ళు వాడు దాన్ని వదల్లేదు. చివరికి మా అన్న చెన్నరాయప్ప వాణ్ణి కొండకు తీసుకుపోయి గుండు కొట్టించి ఒట్టు వేయించాడు. వాడు నిజంగానే మానేశాడు. గుండుతో వదిలినదాన్ని మళ్ళీ నోటితో అనకూడదని మా ఇళ్ళలో ఆనవాయితీ. అంటే తిరిగి వస్తుందట. ఎవరూ అనలేదు.

ఆ తర్వాత వాడికి దేనిమీదా ఇష్టం కనబడలేదు. పట్టుగూళ్ళకు మంచి ధర పలికినా, బాగేపల్లిలో వాళ్ళక్కకు బిడ్డ పుట్టినా ఒకటే ముఖం. పెట్టింది తినేవాడు, చెప్పిన పని చేసేవాడు. పదేళ్ళు అంతే. నాకూ అలవాటైపోయింది.

పోయిన వేసవిలో ఆకు మూటతో బైకు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. చింతామణిలో ఆపరేషన్ చేశారు. దానికి ముందు, ఏమైనా అలవాట్లు ఉన్నాయా అని డాక్టరు అడిగితే మా అన్నే జవాబు చెప్పాడట. నేను మందులు తెచ్చేసరికి ఆ మాటే గొప్పగా చెప్పుకుంటున్నాడు.

"మావోడు బంగారం సార్, కాఫీ గూడా సగం లోటానే అంటిని."

డాక్టరు ఆ మాట నమ్మి, మత్తుండే గట్టి నొప్పి మాత్రలు రాశాడు.

ఇంటికి వచ్చిన వారానికి అమరేష్ అన్నాడు. "అమ్మా, ఇంకింత పులుసు పొయ్యి. శానా బాగుండాది."

నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

"ఏంమా, అట్ల చూస్తాండావు? దిష్టి తగుల్తాది."

నవ్వాడు. మామ దగ్గినట్టు దగ్గి చూపించాడు. అక్కకు ఫోన్ చేసి బిడ్డతో ఆడాడు. మా ఇంట్లో మాటలు వినిపించాయి.

కాలు నయమైంది. మాత్రలు మాత్రం పెరిగాయి.

"ఇంకా నొప్పి ఉండాదారా?"

"నొప్పి లేదుమా. మాత్ర లేకుంటే అంతా చప్పగా ఉంటాది."

మరుసటి రోజే చిక్కబళ్ళాపురం పోయి, మనసు జబ్బులు చూసే హేమావతి డాక్టరమ్మకు గంజాయి సంగతి మొదటినుంచీ చెప్పాను.

"ఆ వయసులో మెదడు ఇంకా పెరుగుతాంటాదమ్మా," అంది. "సంతోషం తెలిసే చోట గంజాయి పడితే, కొందరికి పెద్దయినాక మామూలు సంతోషాలు ఆనవు. ఇంకో మత్తు తగిలితే గట్టిగా పట్టుకుంటాది. అందరికీ అట్ల కాదు."

"మాత్రలు మానిపిస్తే వాని నవ్వు?"

"ముందు పోతాది. మళ్ళీ వస్తాదని మాట ఇయ్యలేను. మానిపించకపోయినా నిలవదు, ఇంకా ఇంకా మాత్రలు అడుగుతాది. ఒక్కసారిగా ఆపొద్దు. నేను చెప్పినట్ల తగ్గించుకుంటా రా."

నేను గంజాయి సంగతి చెప్పానని మా అన్నకు తెలిసి ఇంటిమీదికి వచ్చాడు. "కొండమీద వదిలిందాన్ని నోటితో పిల్చుకొస్తివి కదమ్మా!"

"అది యాడికీ పోలేదన్నా," అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అమరేష్ అంతా విన్నాడు.

"అయితే నేను మళ్ళీ అట్లనే అయిపోతానా?"

"ఏమోరా. మాత్రలు ఇంక నా దగ్గర ఉండల్ల."

"నేను నవ్వితే నీకు బాగుండలేదా?"

"శానా బాగుండింది."

వాడు లేచి లోపలికి పోయాడు. తర్వాత జేబులోవి, పరుపు కిందివి అన్నీ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు.

ఇప్పుడు పొద్దున్నే వచ్చి చెయ్యి చాస్తాడు. డాక్టరమ్మ చెప్పినంత పెడతాను. నిన్నటినుంచి అది ఇంకా తగ్గింది.

"ఇంతేనా?"

"ఇంతే."

నీళ్ళు తాగి షెడ్డుకు పోయాడు. పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచాయి, గూడు కట్టేదాకా ఆకు చాలా కావాలి. నేనూ వెనకాలే పోయాను. ఇద్దరం ఆకు వేశాం.

మునివెంకటమ్మ, యాభై ఆరేళ్ళు, చింతామణి తాలూకా.