చేపల పులుసు, ఎర్ర వైన్

గోవాలో ఒక హోటల్లో పనిచేసే దివ్య, సెలవులకు రాజోలు వస్తూ తల్లి కోసం ఫ్రాన్సు ఎర్ర వైన్ సీసా తెచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర దాన్ని చూసి, తల్లి సూర్యావతికి బావగారైన మంగరాజు ముఖం చిట్లించారు.

"మనింట్లో ఆడోళ్లు తాగుతారేంటమ్మా?"

పెళ్లయిన నాటి నుంచీ సూర్యావతి ఆయనకు ఎదురు చెప్పలేదు. ఇవాళ మాత్రం తలెత్తింది.

"మీరు సాయంత్రాలు మేడ మీద బ్రాందీ తాగుతుంటే నేనెప్పుడైనా అడిగేనా అండీ?"

చేపల పులుసు కలిపిన ముద్ద తిని, కూతురు గ్లాసులో పోసిన వైన్ ఒక గుక్క తాగింది. నోట్లో ఇనుము పెట్టుకున్నట్టు చేదెక్కింది. మంగరాజు పకపకా నవ్వారు.

"సరదా తీరిందా? ఇంక తీసెయ్."

"చేపల పులుసుతో పడదమ్మా. వేటమాంసం వేపుడుతో చూడు," అంది దివ్య.

సూర్యావతి మంచినీళ్లు తాగి, కొవ్వు బాగా పట్టిన వేపుడు ముక్క నమిలి, మళ్లీ వైన్ గ్లాసెత్తింది. ఈసారి వగరు మెత్తబడి, నేరేడుపండు లాంటి వాసన తేలింది. నెమ్మదిగా మింగింది.

"బాగుందండీ బావగారూ," అని గ్లాసు కూతురి వైపు జరిపింది. "ఇంకొంచెం పొయ్యవే."

మంగరాజు విసురుగా లేచి వెళ్లిపోయారు. ఎవరూ బతిమాలలేదు.

"వేపుడు మిగిలితే ఉంచుతానండీ!" అని కేకేసి, సూర్యావతి ఇంకో ముక్క అందుకుంది.