సగంగడ్డం కిట్ బ్యాగు

వీధంతా ఆయన్ని సగంగడ్డం అనేది. నిజానికి ఆయన గడ్డం ఎప్పుడూ నున్నగానే ఉంటుంది, సెలూన్ నడిపేవాడు మరి! ఆ పేరు తెచ్చిపెట్టింది రిజర్వు దళం. వారమంతా కత్తెర, సెలవు రోజుల్లో తుపాకీ. కబురొస్తే ఎక్కడి పని అక్కడ వదిలేసి దళం డిపోకి పరుగెత్తాలి. ఒకసారి స్కూలు మాస్టారికి గడ్డం గీస్తుండగా ఫోను మోగింది. కత్తి పక్కన పడేసి, సెలూన్‌ని ఆనుకునే ఉన్న తన ఇంట్లోకి దూకి, తలుపు వెనకున్న కిట్ బ్యాగు భుజాన వేసుకుని ఉడాయించాడు. తీరా వెళితే అది ఉత్త పరీక్ష. పాపం మాస్టారు! ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో సాయంత్రం దాకా కుర్చీలోనే కూర్చున్నారు.

"ఏమయ్యా, ఇంతకీ యుద్ధం గెలిచావా?" అని మాత్రం అడిగారు.

ఎంత బాగుండేవి ఆ రోజులు! బేకరీవాడు, బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, శిక్షణలో అందరూ ఒకే బురదలో పాకేవాళ్లు. ఒకడు జారిపడితే పదిమంది పడీపడీ నవ్వేవాళ్లు. బూట్ పాలిష్ వాసన తగిలితే చాలు, సగంగడ్డానికి ఇప్పటికీ నడుం నిటారుగా అయిపోతుంది.

యుద్ధం మాత్రం రాలేదు. రాకపోవడమే మంచిది, ఎవరు కాదన్నారు? కానీ యాభై నిండి, కిట్ అప్పగించి రమ్మని కబురొచ్చేసరికి ఆయన మనసు చివుక్కుమంది.

"ఇల్లు కాలాక బావి తవ్వకూడదని ముందే తవ్వి కూర్చున్నాను. అందులో ఒక్క చెంబుడు నీళ్లయినా ఎవరూ తోడలేదే. ఇన్నేళ్లూ నేను ఎవరికి పనికొచ్చినట్టు?" అన్నాడు భార్యతో.

"ఆ బ్యాగు ఒక్కసారి ఇలా ఇవ్వండి," అంటూ ఆవిడ చెయ్యి చాచింది.

"ముట్టుకోకు! అన్నీ సరిచూసి సర్దాను. నా కిట్‌లో తేడా వచ్చిందని ఇంతవరకు ఒక్కడూ వేలెత్తి చూపలేదు, తెలుసా?" అని విసవిసా వెళ్లిపోయాడు.

డిపోలో స్టోర్‌కీపర్ బూట్లు, దుప్పటి, నీళ్ల సీసా ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు. చిరుగులేమైనా ఉన్నాయేమోనని బ్యాగు అడుగున బొటనవేలితో తడిమి చూసి, ఆగిపోయాడు.

"ఇదేంటి గురూ, లోపల ఏదో కుట్టి ఉంది?"

సగంగడ్డం బల్లమీదికి వంగి చూశాడు. ఆఖరి రోజున పరువు గంగలో కలిసిందే! కుట్టు విప్పితే తాళంచెవి రాలింది. ఆయన ఇంటిదే. అదీ కిందటేడు కొత్తగా బిగించిన తాళానిది. గుడ్డ నిండా పాత సూది రంధ్రాలే. తాళం మారినప్పుడల్లా ఎవరో విప్పి మళ్లీ కుట్టారు.

స్టోర్‌కీపర్ దాన్ని ఆయన అరచేతిలో పెట్టాడు. "తక్కువైతే తిట్టమన్నారు గానీ, ఎక్కువైతే ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు. తీసుకెళ్లు."

ఇంటికొచ్చి తాళంచెవి చూపించాడు. ఆవిడ తల దించుకుంది.

"అదే తీసేద్దామని అడిగాను. మీరు ముట్టుకోనిస్తేగా!"

"ఎందుకు పెట్టావే?"

"యుద్ధానికి పోయినవాళ్లు చెప్పి వస్తారా? ఏ అర్ధరాత్రో వస్తారు. నాదసలే కుంభకర్ణ నిద్ర. తలుపు కొట్టి కొట్టి, నేను లేవకపోతే బయటే పడి ఉంటారేమోనని భయం. మీరు తిరిగొస్తారని... నేనూ సిద్ధంగా ఉండాలిగా!"

ఆయన గిరుక్కున తిరిగి బయటికి వెళ్లి తలుపు లాగాడు. లాగితే దానంతటదే పడే తాళం అది. జేబులోంచి ఆ తాళంచెవి తీసి, తిప్పి, లోపలికి వచ్చాడు.

"వచ్చేశానే," అన్నాడు.

"వచ్చారా," అంది ఆవిడ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.